బంగారయ్య పేరు, బంగార్రాజు ముఖం

అవనిగడ్డ బస్టాండు వెనక సందులో మేడ మీద రెండు గదులు కాంతారావు కేబుల్ ఆఫీసు. ముందు గదిలో ఆయన కుర్చీ, టెలిఫోను, వచ్చేపోయేవాళ్లకి ఒక బల్ల. వెనక గదిలో సినిమాలు వేసే ప్లేయర్లు, వైర్ల చుట్టలు, వాటి మధ్య ఒక కంప్యూటరు. ఆ కంప్యూటరు ముందు కూర్చునే మనిషి సరోజ.

సినిమాకి ముందూ మధ్యలోనూ టీవీలో వచ్చే ప్రకటనలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లేవి. పిల్లల పుట్టినరోజులు, కొత్తగా తెరిచిన చెప్పుల కొట్టు, తప్పిపోయిన గేదె, తుపాను కబురు, పోయినవాళ్లకి కన్నీటి నివాళి. ఎవరో ఒకరు ఫొటో తెచ్చి ఇచ్చేవారు. సరోజ దాన్ని స్కానరులో పెట్టి కంప్యూటరులోకి ఎక్కించి, చుట్టూ పూలో దండో వేసి, కింద తెలుగులో నాలుగు ముక్కలు రాసేది. అవనిగడ్డ నుంచి కోడూరు దాటి సముద్రం ఒడ్డు పాలేల దాకా జనం అవి చూసేవాళ్లు.

బందరులో కంప్యూటరు కోర్సు చేసి వచ్చిన పిల్ల అని ఊళ్లో ఆమెకి మంచి పేరు. చర్చిలో క్రిస్మస్ పాటల కాగితాలు కావాలన్నా, ఎవరి పిల్లాడికి ఏ కోర్సు మంచిదన్నా ఆమెనే అడిగేవారు. తల్లి ప్రేమమ్మ పదిమందిలో ఉన్నప్పుడు కూతురి సంగతి ఎవరైనా ఎత్తితే, ఆవిడ తల వంచుకుని నవ్వుకునేది. ఆ నవ్వు సరోజకి తెలుసు. తనకి తెలియని సంగతి ఎవరైనా అడిగితే తెలియదని చెప్పలేకపోవడం ఆమెకి ఎప్పుడు అలవాటైందో గానీ, అలవాటైంది.

విండోస్ ఎక్స్‌పీ వచ్చి రెండేళ్లయినా కాంతారావు ఆఫీసులో ఇంకా తొంభై ఎనిమిది విండోసే నడుస్తోంది. ఆ కార్తీకమాసంలో ఆయన విజయవాడ వెళ్లి, టీవీ మీద అక్షరాలని రకరకాలుగా తిప్పే కొత్త ప్రోగ్రామొకటి కొనుక్కొచ్చాడు. పాత విండోస్ మీద అది నడవదు. కంప్యూటరు అమ్మిన గుడివాడ షాపు వెంకట్‌కి ఫోను చేస్తే, గురువారం తానే వచ్చి కొత్త విండోస్ ఎక్కించి వెళ్తానన్నాడు. ఈలోగా ఫొటోలన్నీ సీడీల మీద రాసి పెట్టుకోమని, హడావుడి పడొద్దని సరోజకి మరీ మరీ చెప్పాడు. తెలుసండీ అంది సరోజ. ఫోను పెట్టేసి, దీనికి గుడివాడ నుంచి మనిషి ఎందుకండీ, నేనే చేసేస్తాను అని కాంతారావుతో అంది. ఆయన సరేనని వెంకట్‌ని రావద్దన్నాడు. బందరు ఇన్‌స్టిట్యూట్‌లో సారు చేస్తుంటే వెనక నిలబడి ఒకసారి చూసింది, అంతే.

సోమవారం మొదలుపెట్టింది. సగం దాకా బాగానే నడిచింది. సగంలో తెర నీలంగా మారి ఆగిపోయింది. ఆపి మళ్లీ వేస్తే కొత్తదీ రాలేదు, పాతదీ రాలేదు. సీడీల మీద ఏమీ రాసుకోలేదు. కాంతారావు తలుపులోంచి తొంగిచూసి ఎంతవరకొచ్చిందని అడిగితే, అవుతోందండీ అంది. చివరికి ఫ్లాపీ వేసి, నల్ల తెర మీద ఒక్కో కమాండూ కొట్టుకుంటూ, ఫొటోలన్నిటినీ రెండో డిస్కులోకి మళ్లించి, మొదటిది మొత్తం చెరిపేసి కొత్తది ఎక్కించింది. ఫొటోలు దక్కాయి గానీ వాటి పేర్లు దక్కలేదు. నల్ల తెరకి పొడుగు పేర్లు తెలియవు. ఒక్కో పేరులో మొదటి ఆరు ఇంగ్లీషు అక్షరాలు ఉంచి, మిగతాది కోసేసి, వెనక ఒకటో రెండో అంకె తగిలించింది. ఎవరు ఎవరో గుర్తుపట్టాల్సిన పని ఇప్పుడు సరోజ మీద పడింది.

పడ్డ పని అదొక్కటే కాదు. కొత్త విండోస్‌లో తెర మీద బొమ్మలు పిడకలంత పెద్దవై కూర్చున్నాయి. రంగులు పదహారే మిగిలాయి, మనుషుల ముఖాలు మట్టి మరకల్లా కనిపిస్తున్నాయి. శబ్దం లేదు. కంప్యూటరులో బొమ్మని టీవీకి పంపే కార్డుని ఏదో తెలియని వస్తువన్నట్టు పసుపు గుర్తు పెట్టి పక్కన నిలబెట్టింది. అన్నిటికంటే పెద్ద చిక్కు తెలుగు అక్షరాలది. రాసి ఉన్న ప్రతి మాటా ఇంగ్లీషు అక్షరాలూ, వాటి నెత్తిన చుక్కలూ గీతలూ కలిసిన గజిబిజి అయిపోయింది. అక్షరాల ఫ్లాపీ వేస్తే గరగరమని తిరిగి, చదవలేనంది.

మంగళవారమంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. టీవీ కార్డుని నడిపే పాత ప్రోగ్రామునే ఎక్కించి, వద్దు వద్దని హెచ్చరిక వస్తున్నా కానిమ్మని నొక్కితే కార్డు పనిచేసింది. వెంకట్‌కి ఫోను చేస్తే అరగంటలో తేలిపోయే సంగతి. రెండుసార్లు రిసీవరు ఎత్తి పెట్టేసింది.

బుధవారం బంగారయ్య గారి మొదటి వర్ధంతి. ఆయన అవనిగడ్డ దగ్గరే పొలాలున్న పెద్దమనిషి. భార్య లక్ష్మీకాంతమ్మ చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెట్టుకుంది. మధ్యాహ్నం రెండు గంటల సినిమాకి ముందు నివాళి పడుతుందని కాంతారావు వాళ్లకి మాటిచ్చాడు. ఆ మాట కోసం వెనక గదిలోకీ ముందు గదిలోకీ తిరుగుతున్నాడు. సరోజ ఆ ప్రకటన తెరిచింది. రెండు వైపులా దీపాలు, పైన దండ, మధ్యలో ఫొటో ఉండాల్సిన చోట ఎర్ర ఇంటూ గుర్తు. పాత పేరుతో వెతికితే ఫొటో దొరకడం లేదు.

ఫొటోల జాబితాలో బంగార్ అని మొదలయ్యేవి రెండున్నాయి. ఒకదాని వెనక ఒకటి అంకె, ఇంకోదాని వెనక రెండు అంకె. ఒకటి బంగారయ్యది. రెండోది కోడూరు అవతల పల్లెపాలెంలో బంగార్రాజుది. దసరాకి పాలెం కమిటీవాళ్లు శుభాకాంక్షలు వేయించుకున్నప్పుడు అతని ఫొటో కూడా ఇచ్చారు. అక్షరాల వరసలో బంగారయ్యే ముందు వస్తాడు కాబట్టి ఒకటో నంబరు ఆయనదే అయి ఉంటుందనుకుంది. ఆ అంకె ఎక్కేది అక్షరాల వరసని బట్టి కాదు, ఏది ముందు కంప్యూటరులోకి వచ్చిందన్న దాన్ని బట్టి. ఆ సంగతి ఆమెకి తెలియదు. ఒకటో నంబరుకి బంగారయ్య అని పేరు మార్చింది. ఇంటూ గుర్తు పోయి, దండ కింద మీసాలున్న ఒక మనిషి వచ్చాడు.

సరోజ తెర వైపు చూసింది. ఫొటో ఉందా లేదా అని చూసింది గానీ, ఎవరిదా అని చూడలేదు.

అక్షరాలు గజిబిజిగానే ఉన్నాయని చెప్తే, ముఖం కనపడుతోంది కదా, వాళ్లకి కావాల్సింది అదే, వేసెయ్యమన్నాడు కాంతారావు. ఆమె వేసేసింది.

పాలెంలో ఆ వేళ మగవాళ్లు చాలామంది చేపల వేటలో ఉన్నారు. బంగార్రాజు బందరు హార్బరు నుంచి బోటు మీద వెళ్లి రోజులవుతోంది. ఇంకా తిరిగి రాలేదు. ఆడవాళ్లు వంటలు ముగించుకుని టీవీల ముందు చేరారు. దీపాల మధ్య, దండ కింద, బంగార్రాజు ముఖం వచ్చింది. చదవడం వచ్చిన పిల్లని పిలిచి కింద ఏం రాశారో చదవమన్నారు. అవి తెలుగక్షరాలు కావని పిల్ల చెప్పింది.

ఆఫీసులో ఫోను మోగినప్పుడు సరోజ టేబులు కిందకి వంగి స్పీకరు వైర్లు మార్చి చూస్తోంది. కాంతారావు కిందకి వెళ్లాడు. పరుగున వచ్చి ఎత్తింది. లైను గరగరమంటోంది. టీవీలో దండేసిన ఫొటో వేశారే, అది నిజమేనా అని అటునుంచి ఎవరో మగమనిషి అడిగాడు. పేరు కూడా చెప్పాడు. సగమే వినపడింది. బంగారయ్యే అనుకుంది.

"నిజమేనండి. వాళ్ల ఇంట్లోవాళ్లే వచ్చి ఫొటో ఇచ్చి వెళ్లారు" అంది.

అటువైపు ఆయన ఫోను పెట్టేశాడు. సరోజ మళ్లీ వైర్ల దగ్గరకి వెళ్లింది.

తమవాళ్లెవరూ ఫొటో ఇవ్వలేదు కాబట్టి, ఇంట్లోవాళ్లంటే బోటు ఓనరు ఇంట్లోవాళ్లని పాలెం అర్థం చేసుకుంది. ముందు తమకి చెప్పకుండా టీవీవాళ్లకి చెప్పారనుకున్నారు. ఆ మాట చెవిన పడగానే బంగార్రాజు భార్య రామలక్ష్మి రెండు చేతులూ గోడకేసి కొట్టుకుంది.

సినిమా సగంలో ఉండగా మెట్ల మీద చాలా కాళ్ల చప్పుడైంది. ముందుగా వచ్చినాయన సూరయ్య, బంగార్రాజు మేనమామ, పాలెంలో పెద్ద. ఆయన వెనక ఇంకో నలుగురైదుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లు కేకలేసి ఉంటే సరోజకి ఆ రోజు మరోలా గుర్తుండేదేమో. సూరయ్య భుజం మీద తుండు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మావాడు ఎక్కడికి కొట్టుకొచ్చాడో చెప్పండి బాబూ. వెళ్లి తెచ్చుకుంటాం" అన్నాడు.

కాంతారావుకి ఏమీ అర్థం కాలేదు. ఏ మావాడని అడిగాడు. సూరయ్య చెప్పాడు. అలాంటి కబురేదీ తమకి రాలేదని కాంతారావు అంటూండగానే, సినిమా ఆగి ప్రకటనలు మొదలయ్యాయి. గదిలో మూలనున్న టీవీలో దీపాలూ దండా వచ్చాయి. వచ్చినవాళ్లలో ఒకామె ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఈడేనండి మావాడు అన్నాడు సూరయ్య.

సరోజ వెనక గది తలుపు దగ్గర నిలబడి చూసింది. గళ్ల చొక్కా, నల్లటి మీసం, నలభై కూడా ఉండని మనిషి. పక్కకి తల వంచి, ఫొటో తీసేవాడు ఏదో అంటే నవ్వబోయినట్టున్నాడు. బంగారయ్య గారు ముసలాయన. ఆ ఫొటోని కవరులోంచి తీసి స్కానరులో పెట్టింది తానే.

కాంతారావు ఆమె ముఖం చూడగానే గ్రహించాడు. ఇరవయ్యేళ్లుగా వ్యాపారంలో ఉన్నవాడు. కంప్యూటరులో వైరస్ వచ్చిందండీ, ఒకరి ఫొటో ఇంకొకరికి పడిపోయింది, మా చేతుల్లో ఏముందండీ అని గబగబా చెప్పాడు. వైరస్ అన్న మాట పాలెంవాళ్లు పేపర్లలో, టీవీల్లో విన్నదే. రొయ్యల చెరువుల్లో కూడా వైరసే వస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంటే మావాడు ఉన్నట్టేనా?" అన్నాడు సూరయ్య.

"ఎందుకుండడండీ, ఉంటాడు."

"మీకు తెలుసా బాబూ?"

మాకెలా తెలుస్తుందండీ అన్నాడు కాంతారావు మెల్లిగా.

"పొద్దున్న మాకూ తెలీదు. తెలీకపోయినా బానే ఉన్నాం" అన్నాడు సూరయ్య. తర్వాత, ఫోను చేస్తే ఎవరో అమ్మాయి నిజమేనని చెప్పిందంట కదండీ అని అడిగాడు. ఫోను ఎవరెవరో ఎత్తుతుంటారని, ఆఫీసన్నాక వచ్చేపోయేవాళ్లుంటారని కాంతారావు అన్నాడు. సూరయ్య ఆ రెండు గదుల్లోకీ ఒకసారి చూశాడు. ఆఫీసులో ఉన్న ఆడమనిషి ఒక్కతే. ఆమె తలుపుకి కొట్టిన మేకు వైపు చూస్తోంది. అది నేనేనండీ అని చెప్పలేకపోయింది. ఆయన రెట్టించి అడగలేదు. తుండు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

వాళ్లు వెళ్లాక లక్ష్మీకాంతమ్మ ఇంటి నుంచి ఫోను. చుట్టాలందరి ముందూ పరాయి మగాడి ముఖం చూపించి దండేశారంటూ ఆవిడ ఏడ్చిందని కాంతారావు చెప్పాడు. ఎవరడిగినా వైరసని చెప్పమన్నాడు. ఆయనా ఆమెని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని సరోజకి అనిపించింది.

ప్రకటనలన్నీ ఆపేసి ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. కంప్యూటరుతో పాటు వచ్చిన సీడీ వెతికి తీసి వేస్తే పదినిమిషాల్లో రంగులన్నీ తిరిగొచ్చాయి. మంగళవారమే ఆ పని చేసి ఉండాల్సింది. రెండో నంబరు ఫొటో తెరిచింది. కండువా, కళ్లజోడు, తెల్ల జుట్టు. ఒకటో నంబరు దాని పక్కన పెట్టింది. ఇద్దరిలో ఏ పోలికా లేదు. కాస్తయినా పోలిక ఉండుంటే తనకి తాను చెప్పుకోవడానికి ఏదైనా మిగిలేది. అప్పుడు మిగతావి కూడా ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. ఊహించి పేర్లు మార్చినవి ఇంకా చాలా ఉన్నాయి. ఒక పసిబిడ్డ పేరుకి టైలరింగు షాపాయన ఫొటో తగిలించి ఉంది. ఒక పెళ్లిరోజు జంటలో పెళ్లికూతురి చోట మరో ఊరి పంతులమ్మ ఉంది. ఈ ముఖాలన్నీ తన చేతుల్లోంచే వెళ్లాయి. ఒక్కటీ మనసులో నిలవలేదు.

అక్షరాల కోసం చివరికి వెంకట్‌కి ఫోను చేసింది. ఏం జరిగిందని అతను అడుగుతాడని భయపడింది. అతనేమీ అడగలేదు. ఆ అక్షరాల సీడీ రేపు మొదటి బస్సు డ్రైవరుకి ఇచ్చి పంపిస్తానన్నాడు. థాంక్సండీ అని కూడా చెప్పకుండా ఫోను పెట్టేసింది.

ఇంటికి వెళ్లేసరికి ప్రేమమ్మ ప్రార్థన కూటం నుంచి అప్పుడే వచ్చింది. కూటంలో అందరూ ఇదే మాట్లాడుకున్నారని, ఎవరో సరోజ పేరు ఎత్తితే తాను ఊరుకోలేదని చెప్పింది. మిషన్లో వైరస్ వస్తే పిల్లదేం చేస్తుంది, మా అమ్మాయి తప్పేమీ లేదని గట్టిగా చెప్పి వచ్చానంది. సరోజ తలనొప్పని చెప్పి అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు పొద్దున్నే కాంతారావుకి చెప్పకుండా కోడూరు బస్సెక్కింది. అక్కణ్నుంచి ఆటో. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ఆటో దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. బంగార్రాజు ఇల్లు ఎక్కడని అడగాల్సిన అవసరం లేకపోయింది. జనం ఏ ఇంటి ముందు కూర్చున్నారో అదే.

రామలక్ష్మి వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతులకి గాజుల్లేవు. మణికట్లు రెండింటికీ గుడ్డ పీలికలు చుట్టారు. ముఖాన బొట్టు మాత్రం ఉంది. అది తీయనివ్వకుండా అడ్డుపడింది సూరయ్యేనని తర్వాత తెలిసింది. సరోజ నిలబడే చెప్పింది. వైరస్ లేదని, ఏ ఫొటో ఎవరిదో తెరిచి చూడకుండా తానే పేరు మార్చానని చెప్పింది. సూరయ్య వైపు తిరిగి, ఫోనులో మాట్లాడింది కూడా నేనేనండి, నిన్న చెప్పలేకపోయానంది. తెలుసమ్మా అన్నాడాయన.

రామలక్ష్మి గోడ నుంచి ముందుకి వంగింది.

"నాకు చదువు రాదు. నేను ముఖం చూసే గుర్తుపట్టాను. నువ్వు చదువుకున్నావు కదా, ముఖం చూడలేదా?" అంది.

లేదక్కా అని మాత్రం అంది సరోజ.

సూరయ్య ఆమెని దూరంగా పిలిచి, ఇక వెళ్లమన్నట్టు మాట్లాడాడు. డెబ్బైయేడు ఉప్పెనలో మావాళ్లు చాలామంది పోయారమ్మా, ఒక్కళ్ల ఫొటో కూడా మిగల్లేదు, అందుకే ఫొటోకి దండేశారంటే అది ఊరికే వేసిందని ఇక్కడెవరూ అనుకోరు అని చెప్పాడు. హార్బరుకి మనిషిని పంపామని, ఏ కబురూ రాలేదని కూడా చెప్పాడు. ఆమె కదలబోతుంటే రామలక్ష్మి గొంతు వినపడింది.

"ఎక్కడికి? కూర్చో. ఆయనొచ్చేదాకా కూర్చో."

సరోజ వసారా చివర, అరుగు మీద కూర్చుంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. కావాలని బాధపెట్టిందీ లేదు. వచ్చినవాళ్లు రామలక్ష్మి దగ్గర కాసేపు కూర్చుని, లేచి వెళ్తూ ఆమె వైపు ఒక చూపు చూసేవారు. ఈ అమ్మాయెవరని కొందరు అడిగితే, టీవీ అమ్మాయని ఎవరో చెప్పేవారు. అడిగినవాళ్లు ఇంకో ప్రశ్న వేయకుండా వెళ్లిపోయేవారు. ఒక ముసలామె మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. దాహం వేస్తున్నా తాగడానికి చెయ్యి రాలేదు. ఎండ అరుగు మీదకి వచ్చి, పాదాల మీద పడి, అవతలికి జరిగింది. వలలు ఆరేసిన వాసన, గాలి. అతను నిజంగానే తిరిగి రాకపోతే అన్న ఆలోచన రాకుండా ఉండటానికి ఆమె తనకి వచ్చిన ప్రార్థనలన్నీ చెప్పుకుంది. ఆ ప్రార్థనలు అతని కోసమో తన కోసమో ఆమెకే తేల్చుకోవడం కష్టమైంది. అది తెలిసి మరింత సిగ్గేసింది.

బంగార్రాజు పొద్దు వాలుతుండగా నడిచి వచ్చాడు. బోటు మధ్యాహ్నం హార్బరుకి వచ్చిందట. సరుకు దించుతుంటే సూరయ్య పంపిన మనిషి అతన్ని పట్టుకుని, ఉన్నపళంగా బస్సెక్కించాడు. అదే గళ్ల చొక్కా కాదు గానీ, అదే ముఖం. ముందుగా చూసిన పిల్లలు కేకేస్తూ పరుగెత్తారు. ఆడవాళ్లు అతని భుజాలూ చేతులూ తడిమి చూసి ఏడ్చారు. నవ్వాలో ఏం చేయాలో తెలియనట్టు అతను అందరికీ తల ఊపుతూ ఇంటి వైపు వచ్చాడు.

రామలక్ష్మి అతనికి ఎదురు వెళ్లలేదు. అతన్ని చూడగానే లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

బంగార్రాజు తలుపు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. లోపలి నుంచి పలుకు లేదు. ఏమైందని చుట్టూ ఉన్నవాళ్లని అడిగాడు. సరోజకి కూడా అర్థం కాలేదు. పొద్దున్న నీళ్లు తెచ్చిన ముసలామె తలుపు దగ్గరకి వెళ్లి, చెక్కకి నోరు ఆనించి ఏదో అడిగి, తిరిగొచ్చి ఆడవాళ్లతో రహస్యంగా చెప్పింది. ఆయన రాగానే బోసి చేతులతో కనిపించనంటోందట. పక్కింటామె తన చేతుల గాజులు నాలుగు తీసింది. ఇంకొకామె ఇంకో నాలుగు తీసింది. తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి అవి అందుకుంది. రంగులు కలవని ఆ గాజులు గుడ్డ పీలికల మీదే తొడుక్కుని, చాలాసేపటికి తలుపు తీసింది. అతను లోపలికి వెళ్లాడు. లోపల ఆమె ఏడుస్తుండటం వినపడింది. ఏంటే, ఏంటే అంటున్నాడతను.

సరోజ అరుగు దిగి గోడ పక్కన నిలబడింది. ఆ ఏడుపు వినే హక్కు తనకి లేదనిపించి, కాస్త దూరం జరిగింది.

కొంతసేపటికి బంగార్రాజు బయటికి వచ్చాడు. సూరయ్య ఆమెని చూపించి చెప్పాడు. అతను తిడతాడని ఎదురుచూసింది. అతనికి ఆమెతో ఏం మాట్లాడాలో తెలిసినట్టు లేదు. హార్బరులో అందరూ నన్ను గిల్లి గిల్లి చూశారండి అన్నాడు. తర్వాత, "ఆ ఫొటో మీ మిషన్లోంచి తీసెయ్యండి. అది ఉన్నంతకాలం మావిడకి నిద్ర పట్టదు" అన్నాడు. తీసేస్తానంది. చీకటి పడితే ఆటోలుండవు, బయల్దేరండి అని తానే రోడ్డు దాకా వచ్చి ఆటో ఆపి ఎక్కించాడు. ఆ మర్యాద ఆమెకి రోజంతా అరుగు మీద కూర్చున్నదానికంటే బరువుగా తోచింది.

ఇంటికి రాగానే ప్రేమమ్మకి అంతా చెప్పింది. ఆవిడ చేస్తున్న పని ఆపి విన్నది. కూటంలో నేను అన్ని మాటలన్నానే అని మాత్రం అంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ముందు ఎవరితో గట్టిగా వాదించిందో వాళ్ల దగ్గరకే వెళ్లి, మా అమ్మాయి వల్లే జరిగిందంట అని చెప్పింది. సరోజ పక్కనే నిలబడింది. తల్లి తలకొంగు సర్దుకోవడం మర్చిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూసింది.

క్షమాపణ వేద్దామని కాంతారావే అన్నాడు. బంగార్రాజు ఫొటో వేసి, ఇతను క్షేమమని చెబుదామన్నాడు. ఫొటో వద్దన్నారని సరోజ చెప్పింది. అయితే మాటలు మాత్రమే రాయమన్నాడు. మా ఆపరేటరు పొరపాటు వల్ల అని ఆమె రాసింది. ఆయన చదివి, మన ఆఫీసు పరువు కూడా చూసుకోవాలి కదా అని, ఆ ముక్క కొట్టేసి సాంకేతిక లోపం వల్ల అని రాయించాడు. రెండు రోజులు అదే తిరిగింది, శుభ్రమైన తెలుగక్షరాలతో. అది టీవీలో వచ్చినప్పుడల్లా సరోజ గది మార్చుకునేది. లక్ష్మీకాంతమ్మ ఇంటికి కూడా వెళ్లింది. నివాళి మళ్లీ వేస్తామంటే, వద్దమ్మా, ఆయన రోజు వెళ్లిపోయింది అందావిడ.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం బంగార్రాజు, రామలక్ష్మి ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. హాస్పిటలు పని మీద అవనిగడ్డ వచ్చారట. ఫొటో తీసేసిందీ లేనిదీ రామలక్ష్మి కళ్లారా చూడాలందని అతను మొహమాటంగా చెప్పాడు. సరోజ అప్పటికే తీసేసింది. తీసేశానండి అని చెప్పి పంపితే వాళ్లు నమ్మేవాళ్లే. కానీ రామలక్ష్మి తెర వైపు చూస్తుంటే ఆ మాట సరిపోదనిపించింది. ఆ తర్వాత వెంకట్ వచ్చి అన్ని ఫొటోలూ సీడీల మీద రాసి పెట్టాడు. వాటిలో ఒకదాంట్లో బంగార్రాజు ఇంకా ఉన్నాడు. రెండో డిస్కులో వెతికితే మరో చోట కూడా ఉండొచ్చు.

"ఇక్కడ తీసేశానక్కా. ఇంకో చోట ఉంది. అదీ తీస్తాను, ఉండండి" అంది.

వాళ్లిద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆమె రెండో డిస్కు మొత్తం వెతికింది. మొదటి రోజు నల్ల తెర మీద మళ్లించిన ఫొటోల్లో ఒకటో నంబరు అలాగే ఉంది. తెరిచింది. గళ్ల చొక్కా. రామలక్ష్మి లేచి దగ్గరకి వచ్చి చూసింది. ఈ చొక్కా చిరిగిపోయింది అంది భర్తతో. అతను అవునన్నాడు. సరోజ దాన్ని చెరిపేసింది, చెరిపేసినవి చేరే బుట్ట కూడా ఖాళీ చేసింది. తర్వాత ఆ సీడీ తెచ్చి, మిగతా ఫొటోలు వేరే సీడీ మీద రాసుకుని, పాతదాన్ని వాళ్ల ముందే రెండుగా విరిచింది. అంతసేపూ రామలక్ష్మి వెళ్దామనలేదు.

అయిపోయాక వాళ్లు లేచారు. మెట్ల దాకా సరోజ కూడా వెళ్లింది. బంగార్రాజు ముందు దిగిపోయాడు. రామలక్ష్మి రెండు మెట్లు దిగి ఆగి, వెనక్కి తిరిగింది.

"నీ పేరేంటి?"

"సరోజండి."

రామలక్ష్మి ఆమె ముఖం వంక కాసేపు చూసి, తల ఊపి, కొంగు దోపుకుని దిగిపోయింది.